తాళం చెవి ఎవరి జేబులో ఉంది?

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న 27 ఏళ్ళ పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశాడు. తన పేరు, ఫ్యాక్టరీ పేరు బయటపెట్టొద్దన్నాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తిచేసి, నాలుగేళ్ళుగా అక్కడే కాంట్రాక్టు మీద ఉన్నాడు. పోయిన నెల పాత ఎలక్ట్రీషియన్ రిటైరయ్యాక మేనేజరు పిలిచి ఒక కాగితం, ఫొటో ఉన్న బ్యాడ్జి చేతిలో పెట్టాడు. దాని మీద 'ఆథరైజ్డ్ పర్సన్, ఎల్‌టీ' అని ఉంది, అంటే లో వోల్టేజీ పనికి కంపెనీ అధికారం ఇచ్చిన మనిషి అని. జీతం 1,500 పెరిగింది. శిక్షణ పేరుతో గంటన్నర సేపు తెర మీద బొమ్మలు చూపించి, చివర హాజరు పట్టీ మీద సంతకం పెట్టించుకున్నారు. ఇతనికి వైర్‌మెన్ పర్మిట్ లేదు. ఉందా అని ఎవరూ అడగలేదు.

బ్యాడ్జి వచ్చాక రెండు సంగతులు జరిగాయి. ఒక పంపు మోటారు దగ్గర బయటి కాంట్రాక్టరు మనుషులు కప్లింగ్ విప్పాల్సి వచ్చింది. ఫీడర్ (ఆ మోటారుకి కరెంటు వెళ్ళే లైను) ఆపేశానని సూపర్‌వైజర్ ఫోన్లో చెప్తే, ఇతను వెళ్ళి చూడకుండానే వర్క్ పర్మిట్ మీద సప్లై తీసేసినట్టు సంతకం పెట్టాడు. రెండోది ఇంకా పెద్దది. రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తోంది, ప్యానెల్ ఆపడానికి వీల్లేదన్నారు. కాలిపోయిన ఎంసీసీబీని (పెద్ద బ్రేకర్‌ని), పైన బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు పంచే లోహపు పట్టీ) లైవ్‌లో ఉండగానే మార్చాడు. లగ్ బిగిస్తుంటే స్పానర్ జారి ఠప్పున మెరుపు వచ్చింది. చొక్కా చేతి మీద రూపాయి బిళ్ళంత కన్నం పడింది. "వెల్డింగ్ నిప్పు పడ్డదని మా ఆమెకు చెప్పిన. అప్పటి సంది ప్యానెల్ తలుపు తీస్తుంటే చెయ్యి వణుకుతున్నది" అని రాశాడు.

ఆ సూపర్‌వైజర్ ఇతనికి వరసకు మేనమామ. ఉద్యోగం పెట్టించింది, ఇప్పటికీ మధ్యాహ్నం డబ్బా పంచుకుని తినేది ఆయనతోనే. "నేను చేరినప్పుడు 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఉండె. ఇప్పుడు 1000 కేవీఏ వచ్చింది. 20 ఏండ్ల సంది లైవ్‌లనే చేస్తున్న, నాకేమైంది?" అంటాడట మామ. "కాగితం వాపస్ ఇస్తే మామ మాట పోతది. ఉంచుకుంటే నా పాణం మీదికొస్తదో, జైలుకే పోతనో తెల్వది. ఏం చెయ్యాలె?" అన్నది ఇతని ప్రశ్న.

తమ్ముడూ,

చెయ్యి వణకడం గురించి సిగ్గుపడుతూ రాశావు. ఆ సిగ్గు అక్కర్లేదు. నీ చెయ్యి నీకంటే ముందే లెక్క వేసుకుంది. 30 ఏళ్ళు ప్యానెళ్ళ ముందు నిలబడ్డవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఆ మెరుపు చూశాక కూడా చెయ్యి వణకనివాడి పక్కన నేను పని చెయ్యను.

ముందు మీ మామ మాట తీసుకుందాం, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. 20 ఏళ్ళలో ఆయనకి ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆ మాటలోనే ఆయన గమనించని సంగతి ఒకటి ఉంది. 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటు సుమారు 333 ఆంపియర్లు. దాని ఎల్‌టీ వైపు షార్ట్ అయితే పారేది ఏడెనిమిది వేల ఆంపియర్లు. 1000 కేవీఏకి పూర్తి లోడు 1,333 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి అడ్డు, అంటే ఇంపిడెన్స్, 5 శాతం అనుకుంటే షార్ట్‌లో 26 వేలు దాటుతుంది. వోల్టేజీ అప్పుడూ 415, ఇప్పుడూ 415. మీటర్ మీద ఏ తేడా కనిపించదు. స్పానర్ జారిన చోట మాత్రం మూడింతలకు పైగా తేడా ఉంది. మామ చెయ్యి తిరిగింది చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద. నువ్వు నిలబడ్డది పెద్దదాని ముందు. నీ స్పానర్ తగిలిన తీరులో మెరుపు దానంతటదే ఆరిపోయింది. ఫేజుకీ ఫేజుకీ మధ్య ఆర్క్ (గాలిలోంచి పారే కరెంటు మంట) నిలబడి ఉంటే రాగి ఆవిరై, ఆ మంటా ఆ ఒత్తిడీ తలుపు తీసి ఉన్న వైపుకే, అంటే నీ మొహం మీదికే వచ్చేవి.

లో వోల్టేజీ అన్న పేరు మనవాళ్ళని చాలా మోసం చేసింది. 11 కేవీ దగ్గర ఎవరైనా నాలుగడుగుల దూరంలో ఆగిపోతారు. 415 దగ్గర మాత్రం "ఎల్‌టీయే కదా" అని చేతులు పెట్టేస్తారు.

ఇక కాగితం సంగతి. నీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకే ముడిలో పడ్డాయి. విడదీసి చూడు. ప్రభుత్వం ఇచ్చేది వైర్‌మెన్ పర్మిట్. కంపెనీ ఇచ్చేది ఈ ఆథరైజేషన్. రోజూ పని మొదలయ్యే ముందు రాసుకునే వర్క్ పర్మిట్ మూడోది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి తెచ్చారు. రెండింటిలోనూ మూడో నిబంధన ఈ విషయం మీదే. విద్యుత్ పరికరాల మీద ఎవరు పనిచేయాలో యాజమాన్యం పేరుపేరునా నియమించాలి. వాళ్ళ పేర్లు, ఏ పని కోసం నియమించారో రిజిస్టర్లో రాసి ఉంచాలి. ప్రభుత్వం ఇచ్చిన కాంపిటెన్సీ సర్టిఫికెట్ గానీ, వైర్‌మెన్ పర్మిట్ లాంటి అనుమతి గానీ లేనివాణ్ణి అలా నియమించడానికి లేదు. మొదటిది లేకుండా రెండోది నిలవదన్నమాట. నువ్వు ఏదో దాచానని బాధపడుతున్నావు గానీ, అడిగి, చూసి, నంబరు రిజిస్టర్లో ఎక్కించాల్సిన బాధ్యత కంపెనీది. నువ్వు అబద్ధం చెప్పలేదు. వాళ్ళు చూడలేదు. లైవ్ పని గురించి కూడా అవే నిబంధనలు చెప్తాయి. అందుకోసం ప్రత్యేకంగా నియమించినవాడు తప్ప ఎవరూ చెయ్యకూడదు, పక్కన నిలబడి సాయం కూడా పట్టకూడదు.

జైలు మాట అడిగావు, దాటవెయ్యను. కరెంటు ప్రమాదం జరిగితే 24 గంటల్లోగా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి కబురు వెళ్ళాలి. మనిషి పోతే పోలీసులూ వస్తారు. నిర్లక్ష్యం వల్ల మరణం అన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, శిక్ష 5 ఏళ్ళ దాకా ఉండొచ్చు. ఎవరి మీద ఏం రాస్తారన్నది ఆ సంఘటనను బట్టి ఉంటుంది. కానీ వచ్చినవాళ్ళు ముందు చేతిలోకి తీసుకునేది వర్క్ పర్మిట్. మామ ఫోన్లో చెప్పిన మాట దాని మీద ఉండదు. నీ సంతకం ఉంటుంది.

నా చేతి కింద జరిగింది ఒకటి చెప్తాను. తొంభైల్లో ఒక స్పిన్నింగ్ మిల్లులో చేసేవాణ్ణి. ఒక మోటారు ఫీడర్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను. టెస్టర్ పెట్టి చూశాను, వెలగలేదు. పర్మిట్ మీద సంతకం పెట్టి హెల్పర్‌ని పని మొదలెట్టమన్నాను. ఆ కంపార్ట్‌మెంట్‌లో ఇంటర్‌లాక్ కోసం పక్క ఫీడర్ నుంచి వచ్చే ఒక తీగ ఉంది, దాంట్లో 230 అలాగే ఉంది. నేను నిలబడింది రబ్బరు మ్యాట్ మీద, కాళ్ళకి రబ్బరు అడుగున్న బూట్లు. నియాన్ టెస్టర్ వెలగాలంటే మన ఒంట్లోంచి భూమికి కాస్తంత దారి ఉండాలి. ఆ దారిని నేనే మూసేసి, కిటికీలోంచి పడుతున్న మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ కాస్త ఎరుపు కోసం చూశాను. హెల్పర్ వెనక్కి పడ్డాడు. బతికాడు. కుడి చేతి రెండు వేళ్ళు ఇప్పటికీ ముడవలేడు. ఎప్పుడైనా పెళ్ళిళ్ళలో కలిస్తే ఎడం చేత్తో నమస్కారం పెడతాడు. ఆ సంతకం నాది. అప్పటికి నాకు పర్మిట్ ఉంది, అనుభవం ఉంది, ఎవరి ఒత్తిడీ లేదు. అందుకే వెళ్ళి చూడకుండా పెట్టిన సంతకం గురించి చదివినప్పుడు నాకు ఊపిరి ఆడలేదు.

ఇప్పుడు నీ ముందున్న దారులు చూద్దాం.

కాగితం తిరిగి ఇచ్చేయడం ఒకటి. దానికి నీకు పూర్తి ఆధారం ఉంది. వైర్‌మెన్ పర్మిట్ లేదు కాబట్టి ఈ నియామకం చెల్లదని ఒక్క వాక్యం రాసిస్తే చాలు. 1,500 పోతుంది, మామ నాలుగు రోజులు డబ్బా పంచుకోడు. అంతవరకు తట్టుకోవచ్చు. నన్ను ఆలోచింపజేసేది దాని తర్వాత జరిగేది. ఆ బ్యాడ్జి ఖాళీగా ఉండదు. నీ ఉత్తరంలో ఒక హెల్పర్ పేరు మాటిమాటికీ వచ్చింది, 22 ఏళ్ళ కుర్రాడు. అది అతని మెడలో పడుతుంది. నువ్వు బ్యాడ్జి లేకుండా అదే ప్యానెల్ ముందు అదే స్పానర్ పట్టుకుని ఉంటావు. కాగితం పోతుంది గానీ ప్రమాదం పోదు.

ఏమీ మాట్లాడకుండా 'జాగ్రత్తగా' నడిపించుకోవడం రెండోది. ఉత్తరం చివర నువ్వు ఇటే మొగ్గినట్టు అనిపించింది. ఇది మాత్రం నాకు నచ్చలేదు, దాపరికం లేకుండా చెప్తున్నాను. రాత్రి రెండింటికి బ్యాచ్ నడుస్తుంటే, ప్రొడక్షన్ వాళ్ళు నెత్తిమీద నిలబడితే, నీ జాగ్రత్త ఎంతసేపు నిలుస్తుందో నువ్వే ఒకసారి చూశావు.

మూడోది, కాగితం ఉంచుకుని దాని హద్దులు రాయించుకోవడం. నేనైతే దీన్నే ఎక్కువ ఆలోచిస్తాను. ఆథరైజేషన్ అంటే ఎల్‌టీ అని రెండక్షరాలు రాస్తే సరిపోదు. ఏ ప్యానెల్ వరకు, ఏ పని వరకు, ఎవరి పర్యవేక్షణలో అన్నది ఉండాలి. వైర్‌మెన్ పర్మిట్ వచ్చేదాకా ఇతరుల కోసం వర్క్ పర్మిట్ మీద సంతకం పెట్టనని, పర్మిట్ ఉన్న సూపర్‌వైజర్ పెడితే తాళం వెయ్యడం, టెస్ట్ చెయ్యడం దగ్గర ఆయనతో ఉంటానని రాసివ్వు. బస్‌బార్ లైవ్‌లో ఉండగా కంపార్ట్‌మెంట్‌లో పని ఉండకూడదు. ఇది పర్మిట్ వచ్చాక కూడా మారకూడదు. ఈలోగా ఐటీఐ సర్టిఫికెట్, అనుభవ పత్రం తీసుకుని లైసెన్సింగ్ బోర్డుకి దరఖాస్తు పెట్టు. మీ జిల్లా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి ఒక పూట వెళ్తే ఏ కాగితాలు కావాలో చెప్తారు. అనుభవ పత్రం కంపెనీయే ఇవ్వాలి కాబట్టి అక్కడే వాళ్ళకీ విషయం తెలుస్తుంది. ముందు నువ్వే చెప్పడం మర్యాద, మేలు కూడా.

మేనేజరు ఒప్పుకుంటాడా? మందుల ఫ్యాక్టరీ కాబట్టి బయటి నుంచి ఆడిట్‌కి వచ్చేవాళ్ళు ఉంటారు. రిజిస్టర్లో నీ పేరు ఎదురుగా పర్మిట్ నంబరు గడి ఖాళీగా ఉంటే అది ఆయన తలనొప్పి. ఆ కోణంలో చెప్తే వినే అవకాశం ఎక్కువ. వినకపోవచ్చు కూడా. కాంట్రాక్టు మనిషివి, వచ్చేసారి రెన్యువల్ దగ్గర సాకు దొరకొచ్చు. అది దాచి నీకు ధైర్యం చెప్పను. రెండు మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకునే మాట్లాడు. చేతిలో వైర్‌మెన్ పర్మిట్ ఉన్న ఐటీఐ కుర్రాడికి ఆ పారిశ్రామికవాడలో పని దొరక్కపోదు. పర్మిట్ ఏ దారిలోనైనా నీకు అక్కరకొస్తుంది, అందుకే దాన్ని రేపే మొదలుపెట్టమంటున్నాను.

నాలుగోది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు. పేరు లేకుండా రాసినా, నలుగురున్న సెక్షన్‌లో రాసిందెవరో సాయంత్రానికి తెలుస్తుంది. లోపల అడిగి, రాసిచ్చి, అయినా మళ్ళీ లైవ్ ప్యానెల్లోకి మనుషుల్ని తోస్తుంటే అప్పుడు ఆ దారి. అప్పుడు వెనకాడొద్దు.

అయిపోయిన సంతకం గురించి: పని ముగిసింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పేజీ చించకు, తేదీలు దిద్దకు. ఈ రోజు నుంచి ఆపు, అంతే. మెరుపు సంగతి మాత్రం త్రుటిలో తప్పిన ప్రమాదంగా రాసి సేఫ్టీ వాళ్ళకి ఇవ్వు. ఎవరి తప్పని రాయనక్కర్లేదు. ఏ ప్యానెల్, ఎన్ని గంటలకి, ఏం జారింది, ఎంతవరకు కాలింది, అంతవరకు చాలు. రేపు నువ్వు హద్దులు అడిగినప్పుడు ఆ కాగితం నీ పక్కన నిలబడుతుంది.

పర్మిట్ వచ్చి, సంతకం నీ చేతికి వచ్చిన రోజున ఏం చూసుకుని పెట్టాలో కూడా చెప్తాను. నీకు పాఠం తెలుసు, కానీ మీ చోట ఆచారం వేరే ఉంది. ఎంసీసీబీ ఆఫ్ చేసినా దాని పై టెర్మినళ్ళు బతికే ఉంటాయి, అందుకే దాన్నే మార్చాలంటే పైనున్న ఇన్‌కమర్ (ప్యానెల్‌కి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్) ఆగాలి. ఇన్‌కమర్ ఆగినా డీజీ (డీజిల్ జనరేటర్) నుంచి, బస్ కప్లర్ (రెండు బస్‌బార్లని కలిపే స్విచ్) నుంచి, సోలార్ ఉంటే అటు నుంచి సప్లై రావచ్చు. కెపాసిటర్ ప్యానెల్ ఉంటే వెంటనే ముట్టుకోకు. డిశ్చార్జ్ రెసిస్టర్ బాగుంటే 3 నిమిషాల్లో 75 వోల్టులకి దిగాలి, కానీ అది కాలిపోయి ఉండొచ్చు. డ్రైవ్‌లో (మోటారు వేగం మార్చే పరికరంలో) డీసీ బస్ మీద 500 వోల్టులకు పైగా నిలబడి ఉంటుంది, దాని మీద రాసినంతసేపు ఆగు. తర్వాత తాళం. ట్యాగ్ ఒక్కటే కడితే దాన్ని ఎవడైనా విప్పుతాడు. తాళం వేసి, చెవి నీ జేబులో వేసుకో. సూపర్‌వైజర్ అడిగినా ఇవ్వకు, మామ అడిగినా ఇవ్వకు.

ఇక టెస్టింగ్. జేబులో టెస్టర్‌ని దీనికి వాడకు, నా కథ గుర్తుంచుకో. రెండు ప్రోబులున్న వోల్టేజ్ టెస్టర్ కంపెనీతో కొనిపించు. ముందు లైవ్ ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూడు. తర్వాత నీ పాయింట్ మీద ఫేజు-ఫేజు, ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్ అన్నీ చూడు. కంట్రోల్ తీగలు కూడా వదలకు. మళ్ళీ లైవ్ ఉన్న చోటికి వెళ్ళి అది ఇంకా పనిచేస్తోందని చూడు. ఈ చివరి పని ఎవరూ చెయ్యరు. మధ్యలో టెస్టర్ చచ్చిపోయి ఉంటే నీకు అది చెప్పేది ఇదొక్కటే. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టదు. ఆ తర్వాత ఎర్త్ చేసి షార్ట్ చెయ్యి, పక్కన బతికున్న భాగాలుంటే అడ్డు పెట్టు, అప్పుడు సంతకం పెట్టు.

మామతో మాట్లాడటమే నీకు వీటన్నిటికంటే కష్టమని తెలుసు. సెక్షన్‌లో అందరి ముందు ఎత్తొద్దు. రూల్ నంబర్లతో మొదలుపెట్టొద్దు, ఆయనకి అది తన అనుభవాన్ని తీసిపారేసినట్టే వినిపిస్తుంది. ఆదివారం ఇంటికి వెళ్ళు. మీ ఊళ్ళో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవడం ఆయనా చూసే ఉంటాడు. తీసుకున్నవాడు కిందికి దిగి, తానే తిరిగి ఇచ్చేదాకా ఆపరేటర్ ఫీడర్ చార్జ్ చెయ్యకూడదు, ఊరంతా ఫోన్లు చేసినా సరే. ఆ ఆపరేటర్ ఎవరి ఫోనో విని, చూడకుండా చార్జ్ చేస్తే ఏమవుతుందో మామకి నువ్వు చెప్పక్కర్లేదు. "మామా, ఆ రోజు నేను ఫోన్ మీద సంతకం పెట్టిన, ఇంక పెట్టలేను" అను. ఇంకో మాట కూడా అను: "నీకు 20 ఏండ్లు ఏమీ కాలే. నాకు మొదటి నెలలనే అయ్యింది." చొక్కా పట్టుకెళ్ళి చూపించు. ట్రాన్స్‌ఫార్మర్ లెక్క కాగితం మీద వేసి ఇవ్వు. ఆయన చేతి పనివాడు, అంకెలు కళ్ళ ముందు పెడితే పట్టుకుంటాడు. కోపం వస్తే రానీ. తను ఉద్యోగం పెట్టించిన మేనల్లుణ్ణి బర్న్స్ వార్డులో చూడాలని ఏ మామా కోరుకోడు.

మీ ఆవిడకి కూడా నిజం చెప్పు. చెయ్యి ఎందుకు వణుకుతోందో తెలియక ఆ అమ్మాయి ఇంకేదో ఊహించుకుంటూ ఉంటుంది. రెన్యువల్ దగ్గర ఇబ్బంది వస్తే ఇంట్లో ముందే తెలిసి ఉండటం నీకు బలం.

చివరిగా ఆ చొక్కా. ఎలాంటి గుడ్డో నువ్వు రాయలేదు. కన్నం అంచు గట్టిపడి, నల్లగా పూసలా ఉంటే అది పాలిస్టర్ కలిసిన గుడ్డ. మంటకి అది కరిగి ఒంటికి అంటుకుంటుంది, చర్మంతో సహా ఊడొస్తుంది. ప్యానెల్ పనికి ఆర్క్ తట్టుకునే సూటు కంపెనీ ఇవ్వాలి, అడుగు. అది వచ్చేదాకా డ్యూటీకి వెళ్ళేటప్పుడు నిండు చేతుల నూలు చొక్కా వేసుకుని వెళ్ళు. అది మంటని ఆపదు, కానీ కరిగి అంటుకోదు.